పాత జర్మన్ ఫోల్డింగ్ కెమెరా: కొనేముందు ఏం చూడాలి, ధర ఎలా కట్టాలి

‘ఇంట్లో పాత జైస్ ఐకాన్ కెమెరా దొరికింది, అమ్మితే ఎంతొస్తుంది?’, ‘ఆన్‌లైన్‌లో అగ్ఫా ఇసొలెట్ కనిపించింది, కొనమంటారా?’ అని చాలామంది అడుగుతున్నారు. కెమెరా పేరు ఒక్కటే చెబితే ఎవరూ ధర చెప్పలేరు. ఒకే పేరున్న రెండు కెమెరాలు పక్కపక్కన పెట్టినా, లెన్స్‌ను బట్టి ఒకటి రెండోదానికి ఎన్నో రెట్లు పలుకుతుంది. అదే లెన్స్ ఉన్న రెండింటిలో ఒకటి ఫొటోలు తీస్తుంది, ఇంకోటి అలమారలో అలంకారానికే పనికొస్తుంది. అందుకే ముందు పరీక్ష, ఆ తర్వాతే ధర. ఈ క్రమం తప్పినవాళ్ళే ఎక్కువ డబ్బు పోగొట్టుకుంటున్నారు.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా 1930ల నుంచి 1950ల దాకా వచ్చిన, 120 రోల్ ఫిల్మ్ వేసే ఫోల్డింగ్ కెమెరాల (ముందు తలుపు తెరిస్తే లెన్స్ బయటికి వచ్చి, మళ్ళీ లోపలికి మడిచేవి) గురించి: జైస్ ఐకాన్ ఇకోంటా, సూపర్ ఇకోంటా, నెట్టార్, వాయిట్‌లాండర్ బెస్సా, పెర్కియో (జర్మన్లు ఆ కంపెనీని ‘ఫోక్ట్‌లెండర్’ అంటారు), అగ్ఫా ఇసొలెట్, రికార్డ్. 35 మి.మీ. ఫిల్మ్ వాడే కొడాక్ రెటీనా కూడా జర్మన్ కెమెరానే, స్టుట్‌గార్ట్‌లో తయారైంది. దానికి వర్తించే చోట విడిగా చెప్పాను.

కావలసినవి

- సన్నని తల ఉన్న చిన్న ఎల్‌ఈడీ టార్చ్
- 8 లేదా 10 రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం
- కేబుల్ రిలీజ్, అంటే షట్టర్‌కు బిగించి నొక్కే తీగ (తాళం వేసి ఉంచే స్క్రూ ఉన్నదైతే మేలు)
- సెకనుకు 240 ఫ్రేములు తీసే స్లో మోషన్ వీడియో ఉన్న ఫోన్
- మసక అద్దం ముక్క, అంటే ఒక వైపు గరుకు పట్టించిన గాజు. లేకపోతే పొగమంచులా కనిపించే స్టేషనరీ టేపు
- గాలి ఊదే రబ్బరు బంతి, మెత్తని బ్రష్
- 120 ఫిల్మ్ ఖాళీ స్పూల్ ఒకటి
- మిల్లీమీటర్ల స్కేలు

స్క్రూడ్రైవర్ ఈ జాబితాలో లేదు, అది కావాలనే. పరీక్ష పూర్తయ్యేదాకా ఏ స్క్రూ జోలికీ వెళ్ళకండి.

1. తెరవడం, మూయడం సరిగ్గా నేర్చుకోండి

బటన్ నొక్కేటప్పుడు రెండో అరచేతిని తలుపుకు అడ్డం పెట్టి, అది మెల్లగా తెరుచుకునేలా పట్టుకోండి. స్ప్రింగ్ బలానికి దానంతటదే ఎగిరితే లెన్స్ నిలబెట్టే కాళ్ళు కొద్దికొద్దిగా వంగుతాయి. ఎన్నో ఏళ్ళుగా ముడుచుకుపోయిన బెలోస్ (లెన్స్‌ను బాడీతో కలిపే నల్లని ముడతల తిత్తి) కూడా ఆ ఒక్క కుదుపుకే చిరగవచ్చు. పూర్తిగా తెరిచాక కాళ్ళు ‘టక్’మని పడాలి. పడకపోతే తలుపును వేలితో ఇంకొంచెం కిందికి నొక్కి చూడండి.

మూసేముందు ఫోకస్‌ను అనంతం (∞) గుర్తు మీద పెట్టడం అలవాటు చేసుకోండి. రెటీనాలో ఇలా చేయకపోతే అసలు మూతపడదు. బలంగా నొక్కితే విరిగేది మీ కెమెరానే.

2. ఏ కెమెరానో కచ్చితంగా గుర్తించండి

లెన్స్ చుట్టూ ఉన్న రాతను భూతద్దంతో చదివి కాగితం మీద రాసుకోండి: లెన్స్ పేరు, ఎపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం సైజు, ఎఫ్/ అంకెల్లో చెబుతారు), ఫోకల్ లెంగ్త్, సీరియల్ నంబరు. షట్టర్ పేరు విడిగా రాయండి. ధరను తేల్చేవి ఎక్కువగా ఈ రెండు వరుసలే. కెమెరా తోలు మీద అచ్చువేసిన పేరుది వీటి తర్వాతి స్థానం.

జైస్ ఐకాన్ కెమెరాలకు తోలు మీద ఒక సంఖ్య అచ్చువేసి ఉంటుంది. గీత తర్వాతి అంకె ఫ్రేము సైజును చెబుతుంది. /2 అంటే 6×9 సెం.మీ. (రోల్‌కు 8 ఫొటోలు), /16 అంటే 6×6 (సాధారణంగా 12), గీత లేకుండా ఉత్త 521 అనో 531 అనో ఉంటే 6×4.5 (16). గీత తర్వాత 15 ఉంటే ఆగండి. అది 116 ఫిల్మ్ కెమెరా, ఆ ఫిల్మ్ తయారీ 1984లోనే ఆగిపోయింది. అడాప్టర్లతో వాడేవాళ్ళు ఉన్నారు గానీ ధర మాత్రం 120 కెమెరాతో సమానంగా కట్టకూడదు. అనుమానముంటే లోపలి కిటికీని స్కేలుతో కొలవండి, వెడల్పు 56 మి.మీ. దగ్గర ఉంటే 120 కుటుంబమే. మీ ఖాళీ స్పూల్ కూడా పెట్టి చూడండి. కొడాక్ వాళ్ళ 620 స్పూల్ సన్నగా ఉంటుంది, ఫిల్మ్ వెడల్పు అదే అయినా 120 స్పూల్ 620 కెమెరాలో సులువుగా పట్టదు.

ఇక లెన్సుల అంతరం. కిందివరుసలో మూడు గాజుల లెన్సులు: జైస్ వాళ్ళ నోవార్, వాయిట్‌లాండర్ వాస్కార్, అగ్ఫా అగ్నార్, అపోటార్. పైవరుసలో నాలుగు గాజులవి: టెస్సార్, కలర్ స్కోపార్, సోలినార్. మూడు గాజులవి పనికిరానివేమీ కావు. ఎఫ్/8, ఎఫ్/11 దగ్గర చక్కటి ఫొటో ఇస్తాయి. కానీ అమ్మకంలో తేడా పెద్దదే. బెస్సా 2 అనే ఒకే మోడల్‌లో ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. కలర్ స్కోపార్ ఉన్నది అన్నిటికంటే తక్కువ, కలర్ హెలియార్ ఉన్నది దాని పైన, అపో లాంథార్ ఉన్నది అందనంత ఎత్తున. అపో లాంథార్‌కు ముందు అంచున ఎరుపు, ఆకుపచ్చ, నీలం వలయాలు ఉంటాయి. సంగ్రాహకులు వెతికేది దాన్నే.

సీరియల్ నంబరు ఒక విషయం పట్టిస్తుంది. జైస్ యెనా (యెనా ఊరి జైస్ ఫ్యాక్టరీ) లెన్స్ మీద సంఖ్య 30 లక్షలు దాటితే అది రెండో ప్రపంచయుద్ధం తర్వాతిది. బాడీ 1930ల నాటిదై, లెన్స్ యుద్ధం తర్వాతిదైతే ఎవరో మార్చారన్నమాట. వాడుకోవడానికి ఇబ్బంది లేదు, కానీ ‘అసలు సిసలు’ ధర అడిగితే ఒప్పుకోకండి. అలాగే సోవియట్ మాస్క్వా కెమెరాలు ఇకోంటా నమూనాలోనే తయారయ్యాయి. చూపులకు దగ్గరగా ఉంటాయి కాబట్టి లెన్స్ రాత చదవకుండా జైస్ అని నమ్మవద్దు.

3. బెలోస్ పరీక్ష

కొలిమి తిత్తిలా ముడతలు పడి ఉండే ఆ నల్లని భాగమే ఈ కెమెరాల్లో అన్నిటికంటే ముందు పాడయ్యేది.

రాత్రిపూట కిటికీలు మూసి, దీపాలు ఆర్పి, కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా పది నిమిషాలు కూర్చోండి. కెమెరా తెరిచి, వెనుక తలుపు తీసి, టార్చ్ లోపలికి పెట్టి, చుట్టూ అరచేతితో వెలుతురు బయటికి రాకుండా కప్పండి. ఇప్పుడు బయటి నుంచి బెలోస్ మూలలు చూడండి. రంధ్రాలుంటే మడత మూలల్లో సూదిమొనంత చుక్కలు మెరుస్తాయి. ఒక కోణం నుంచి కనిపించనిది ఇంకో కోణం నుంచి కనిపిస్తుంది. కాబట్టి కెమెరాను నెమ్మదిగా తిప్పుతూ, ఒక్కో మూలనూ వేలితో కొంచెం సాగదీస్తూ చూడండి. పట్టపగలు కిటికీ దగ్గర చూసి ‘బాగానే ఉంది’ అనుకోవడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు.

1950ల అగ్ఫా ఇసొలెట్ల విషయంలో ఒక్కటే సలహా: బెలోస్ పోయిందనుకునే ధర కట్టండి. వాటికి వాడిన సరుకు అలాంటిది, దాదాపు ప్రతిదానికీ మూలలు కారతాయి. అదే కాలపు జైస్ ఐకాన్, వాయిట్‌లాండర్ బెలోస్ చాలావరకు ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి.

మూలల మీద కొత్తగా నల్లరంగు మెరుస్తుంటే అమ్మేవారు రంధ్రాలు పూడ్చారని అర్థం. ఒకటి రెండు చుక్కలకు నల్లని రబ్బరు ద్రవం పలచగా రాస్తే కొంతకాలం ఆగుతుంది. మందంగా పూస్తే మాత్రం మడత పడిన ప్రతిసారీ బీటలిస్తుంది, కెమెరా సరిగ్గా మూతపడదు కూడా. పదికి మించి రంధ్రాలుంటే కొత్త బెలోస్ వేయించడమే దారి.

4. షట్టర్

ముందుగా ఒక హెచ్చరిక. చాలా మోడళ్ళలో ఫిల్మ్ తిప్పితేనే పైనున్న బటన్ పనిచేస్తుంది, ఒకే ఫ్రేము మీద రెండుసార్లు తీయకుండా ఆ ఏర్పాటు. ఇది తెలియక బాగున్న కెమెరాను ‘జామ్ అయింది’ అని తక్కువకు అమ్మేస్తుంటారు. బటన్ కదలకపోతే లెన్స్ పక్కనున్న షట్టర్ మీటను నేరుగా నొక్కి చూడండి. రెటీనా 2సీ, 3సీ మోడళ్ళలో ఫొటోల లెక్క వెనక్కి నడిచి 1 దగ్గర తాళం పడుతుంది. అక్కడా చెడిపోయిందేమీ లేదు, కౌంటర్‌ను మళ్ళీ పైకి పెట్టాలి, అంతే.

ఇప్పుడు పరీక్ష ఇలా చేయండి.

అ) కిటికీ వెలుతురుకు ఎదురుగా కెమెరా పెట్టి, వెనుక తలుపు తీసి, ఫోన్‌ను వెనుక నుంచి లెన్స్ వైపు గురిపెట్టి 240 ఫ్రేముల వీడియో మొదలుపెట్టండి. ట్యూబులైటు, ఎల్‌ఈడీ బల్బు వద్దు, మినుకుమినుకుమని లెక్క తప్పిస్తాయి.

ఆ) వేగం పెట్టి, షట్టర్‌ను ఎక్కుపెట్టి (మీటతో దాని స్ప్రింగ్ బిగించి), నొక్కండి. 1 సెకను నుంచి మొదలుపెట్టి పైకి వెళ్ళండి. ప్రతి వేగాన్నీ మూడుసార్లు.

ఇ) వీడియోను ఒక్కో ఫ్రేము జరుపుతూ వెలుతురు కనిపించిన ఫ్రేములు లెక్కపెట్టండి. 1 సెకనుకు 240, 1/2కు 120, 1/5కు 48, 1/10కి 24, 1/25కు 10 దగ్గర రావాలి. 1/50 దాటాక ఫ్రేములు మరీ తక్కువ కాబట్టి ఈ లెక్క నమ్మదగినది కాదు, దానికి ఫిల్మ్ మీద తీసి చూడటమే.

1 సెకనుకు 290 ఫ్రేములు వచ్చినా ఫరవాలేదు, ఈ వయసుకు అది మంచి షట్టరే. 360 వస్తే అర స్టాపు పైగా తేడా (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు). 480 వచ్చినా, మధ్యలో ఆగి మళ్ళీ కదిలినా సర్వీసు ఖర్చు ధరలోంచి తీసేయాలి. మొదటిసారికీ మూడోసారికీ చాలా తేడా వస్తే లోపల నూనె ఎండి జిగురైంది. 1/25కు పైన బాగా పనిచేసి, కింది వేగాల్లో మాత్రమే ఆగిపోతే లోపం నెమ్మది వేగాల పళ్ళచక్రాల్లో ఉంది. ఇది చాలా మామూలు జబ్బు, తెలిసిన మెకానిక్ చేతిలో నయమవుతుంది.

చేయకూడనివి మూడు. కాంపూర్ రాపిడ్, సింక్రో కాంపూర్ షట్టర్లలో అన్నిటికంటే పై వేగానికి (1/500, పెద్ద సైజుల్లో 1/400) అదనపు స్ప్రింగ్ పనిచేస్తుంది. ఆ వేగాన్ని ఎక్కుపెట్టక ముందే పెట్టాలి, ఎక్కుపెట్టాక బలవంతంగా తిప్పకూడదు. సెల్ఫ్ టైమర్ జోలికి పోకండి, పాత షట్టర్లలో అది మధ్యలో ఇరుక్కుంటే మొత్తం షట్టరే ఆగిపోతుంది. ఇక షట్టర్లో నూనె చుక్క గానీ, లైటర్ పెట్రోలు గానీ పోయకండి. పోసిన పూటకు పరుగెడుతుంది. తర్వాత కరిగిన జిడ్డంతా రేకుల మీదికి, లెన్స్ గాజుల మీదికి చేరుతుంది, ఆవిరయ్యాక మళ్ళీ అతుక్కుంటుంది.

5. లెన్స్ లోపల

షట్టర్‌ను ‘బి’ (నొక్కినంతసేపూ తెరిచి ఉండే స్థానం) మీద పెట్టి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి, కేబుల్ రిలీజ్‌తో తెరిచే ఉంచండి. వెనుక నుంచి టార్చ్ ఏటవాలుగా వేసి ముందు నుంచి చూడండి, తర్వాత తారుమారు చేయండి.

దుమ్ము నాలుగు చుక్కలుంటే పట్టించుకోవద్దు. సాలెగూడులా, చెట్టు వేరులా పాకిన సన్నని పోగులు కనిపిస్తే అది ఫంగస్. తుడిస్తే పోయేది కొంత, గాజును తినేసి మచ్చ మిగిల్చేది కొంత. తుడిచి చూసేదాకా ఏదో తెలియదు, కాబట్టి మచ్చ ఉంటుందనే లెక్క కట్టండి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రతీర ఊళ్ళలో తోలు సంచిలో పడి ఉన్న కెమెరాలకు ఈ బెడద ఎక్కువ. సన్నని పొగలా లోపలంతా పరుచుకున్న మసక ఫంగస్ కాదు, అది తరచూ సర్వీసుతో పోతుంది.

గాజు అంచున ఇంద్రధనుస్సు రంగుల్లో అర్ధచంద్రం కనిపిస్తే రెండు గాజులను అతికించిన జిగురు విడిపోతోంది. దీన్ని బాగుచేయడం కష్టం, ఖర్చు. ఒక ఊరట ఏమిటంటే నోవార్, అగ్నార్, అపోటార్ లాంటి మూడు గాజుల లెన్సుల్లో అతికించిన జత ఉండదు కాబట్టి ఈ జబ్బు రాదు. టెస్సార్, సోలినార్‌లలో వెనుక జతను జాగ్రత్తగా చూడండి.

ముందు గాజులో నీలం లేదా ఊదా ఛాయలో ప్రతిబింబం కనిపిస్తే పూత ఉన్న లెన్స్, ఎక్కువగా యుద్ధం తర్వాతిది. ఎర్రటి ‘టి’ అక్షరం ఉంటే జైస్ పూత. పూత ఉన్నది వాడేవాళ్ళకు ఇష్టం, ధర కూడా కొంత ఎక్కువ.

6. ఫోకస్ తిరుగుతుందా, నిజంగా ఫోకస్ అవుతుందా

అగ్ఫా కెమెరాల్లో వాడిన పచ్చని గ్రీజు ఏళ్ళు గడిచాక సిమెంటులా గట్టిపడుతుంది. అక్కడ జరిగే నష్టం చాలామందికి తెలియదు. గ్రీజు గట్టిపడి ముందు గాజు దాని వెనుక గాజుకు అతుక్కుపోతుంది. బలంగా తిప్పితే రెండూ కలిసి తిరుగుతాయి. తిప్పినవారు ‘కదిలింది’ అని సంతోషిస్తారు. నిజానికి వెనుక గాజు తన చోటు వదిలేసింది, ఇక ఏ దూరమూ సరిగ్గా రాదు. కాబట్టి గట్టిగా ఉంటే తిప్పకండి. ‘ఫోకస్ పట్టేసింది’ అని రాసుకుని ధర తగ్గించండి.

తిరిగితే అనంతం పరీక్షించాలి. వెనుక తలుపు తీసి, ఫిల్మ్ ఆనుకునే లోపలి పట్టాల మీద మసక అద్దం గరుకు వైపు లెన్స్‌కు ఎదురుగా ఉండేలా పెట్టండి. టేపు అయితే ముడత లేకుండా బిగుతుగా అంటించండి. షట్టర్‌ను ముందులాగే ‘బి’ మీద తెరిచి ఉంచి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి, కిలోమీటరుకు పైగా దూరంలో ఉన్న సెల్ టవర్ లాంటిదాన్ని చూడండి. రింగు అనంతం గుర్తు దగ్గర ఉన్నప్పుడు భూతద్దంలో టవర్ కడ్డీలు పదునుగా విడివిడిగా కనిపించాలి. తర్వాత నాలుగు మూలలు చూడండి. ఒక పక్క పదునుగా ఉండి ఎదుటి పక్క మసకగా ఉంటే లెన్స్ నిలబెట్టే కాళ్ళు వంగాయి. మామూలు ఫొటోలో దీన్ని చాలామంది లెన్స్ లోపమనుకుంటారు.

సూపర్ ఇకోంటాలో అదనంగా రేంజ్‌ఫైండర్ (రెండు బొమ్మలను కలిపి దూరం తేల్చే ఏర్పాటు) చూడాలి. లెన్స్ పక్కన పైకి లేచే చిన్న చేతిలో తిరిగే గాజు పలకలు ఉంటాయి, అవి ఫోకస్ రింగుతో పళ్ళచక్రాల ద్వారా కలిసి తిరుగుతాయి. అదే టవర్‌ను రేంజ్‌ఫైండర్‌లో చూస్తే రెండు బొమ్మలూ అనంతం దగ్గర ఒకటవ్వాలి. తర్వాత టేపుతో కొలిచి 2 మీటర్ల దూరంలో ఒక వస్తువు పెట్టి మళ్ళీ చూడండి. ఎవరైనా శుభ్రం చేయడానికి ముందు గాజు విప్పి తప్పు మరపంటిలో బిగిస్తే రేంజ్‌ఫైండర్ ఒకటి చెబుతుంది, లెన్స్ ఇంకోటి చూపిస్తుంది.

7. బయటి రూపం

దీనికి ఎక్కువ సమయం పెట్టకండి. జైస్ ఐకాన్ తోలు కింద గింజల్లా బొడిపెలు లేస్తే లోపలి రివెట్లు తుప్పుపట్టి ఉబ్బాయన్నమాట. పని ఆగదు, అందం తగ్గుతుంది. కొత్తగా అంటించిన రంగు తోలు చూపుకు బాగుంటుంది గానీ సంగ్రాహకుల దృష్టిలో విలువ తగ్గుతుంది. ఎర్ర కిటికీ (ఫ్రేము అంకెలు కనిపించే వెనుక రంధ్రం) పగలకుండా, రంగు వెలిసిపోకుండా ఉందో లేదో చూడండి.

8. ధర కట్టడం

అడుగుతున్న ధర చూడకండి. ఈబే లాంటి చోట్ల ‘అమ్ముడైనవి’ అనే జాబితా తెరిచి, అదే మోడల్, అదే లెన్స్, అదే షట్టర్ ఉన్నవి కనీసం పది తీసుకోండి. అన్నిటికంటే ఎక్కువది, అన్నిటికంటే తక్కువది వదిలేయండి. మిగిలినవాటిని వరుసలో పెడితే మధ్యలో వచ్చేదే మీ ప్రారంభ ధర. అరుదైన మోడల్ అయితే వియన్నాలోని లైట్స్ ఫొటోగ్రాఫికా, కొలోన్‌లోని బ్రేకర్ వేలాల పాత ఫలితాలు చూడవచ్చు. కానీ వేలంలో కొన్నవారు పాట ధర మీద కమీషన్ కూడా కడతారు, అమ్మినవారికి అంత రాదు. పోల్చేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

‘సర్వీసు చేయించినది’ అని బిల్లుతో అమ్మినవి ఒక గుంపు, ‘పరీక్షించలేదు’ అని అమ్మినవి ఇంకో గుంపు. రెండూ కలపకూడదు. పాత కెమెరాల అమ్మకంలో ‘పరీక్షించలేదు’ అంటే చెడిపోయిందనే అనుకోండి.

పద్ధతి అర్థం కావడానికి ఊహించిన అంకెలతో ఒక లెక్క. పనిచేసే కెమెరా మధ్య ధర 150 యూరోలు అనుకుందాం. మీ ముందున్నదానికి షట్టర్ సర్వీసు 60, బెలోస్ 50 అవుతాయి. మిగిలేది 40. అందులోంచి జర్మనీ నుంచి రవాణా, ఇక్కడ కస్టమ్స్ సుంకం పోతే కొనడంలో అర్థమే లేదు. అదే అపో లాంథార్ ఉన్న బెస్సా అయితే ఇవే మరమ్మతులు ధరలో చిన్న భాగం, కొనవచ్చు. చవక కెమెరా పాడైపోతే బాగుచేయించడం దండగ, ఖరీదైనది పాడైతే బేరమాడే అవకాశం.

మొదటిసారి కొనేవారికి నా సలహా: సర్వీసు చేసిన ఇకోంటా 521/16 గానీ, పెర్కియో గానీ తీసుకోండి. బెలోస్ మన్నిక, ధర రెండూ వీటిలో కలిసొస్తాయి.

9. మొదటి రోల్

120 నలుపు తెలుపు ఫిల్మ్, 100 లేదా 400 ఐఎస్‌ఓ వేయండి. ఎర్ర కిటికీ మీద నల్ల టేపు అంటించి, ఫిల్మ్ తిప్పేటప్పుడు ఆ టేపును నీడలో మాత్రమే తీయండి. ఇవి వచ్చిన రోజుల్లో చాలా ఫిల్ములకు ఎరుపు కనపడేది కాదు, నేటి ఫిల్ముకు కనపడుతుంది.

ముందు కెమెరా తెరవండి, ఆ తర్వాత ఫిల్మ్ తిప్పండి. తిప్పాక తెరిస్తే బెలోస్ గాలి పీల్చి ఫిల్మ్‌ను ముందుకు ఉబ్బిస్తుంది, అన్నీ సరిగ్గా ఉన్నా ఫొటో మసకవుతుంది.

ఫ్రేములు ఇలా వాడండి: ఒకటి దూరపు దృశ్యం పూర్తి ఎపర్చర్‌లో, ఒకటి కొలిచిన 2 మీటర్లలో, ఒకటి ఎఫ్/8లో 1/100తో, ఒకటి ఎఫ్/16లో 1/25తో. చివరి రెండింటికీ ఒకే దృశ్యం, ఒకే వెలుతురు ఉండాలి. అప్పుడు రెండు నెగెటివ్‌లూ ఒకే చిక్కదనంలో రావాలి. 1/25ది చిక్కగా ఉంటే కింది వేగాలు నెమ్మదించాయి. ఇంకో ఫ్రేముకు ముందు, లెన్స్ మూతపెట్టి, తెరిచిన కెమెరాను ఐదు నిమిషాలు ఎండలో ఉంచండి. బెలోస్ కారుతుంటే ఆ నెగెటివ్ మీద నల్లని మచ్చగా పడుతుంది.

10. దాచడం

కెమెరాను తోలు సంచిలోంచి తీసి, గాలి చొరబడని పెట్టెలో సిలికా జెల్, తేమ మీటరు పెట్టి 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. సంచిని వేరే చోట దాచండి. అమ్మేటప్పుడు అది ఉంటే విలువే గానీ, ఫంగస్‌కు పుట్టిల్లు అదే. షట్టర్ ఎక్కుపెట్టి వదిలేయకండి. నెలకోసారి తీసి, అన్ని వేగాల్లో రెండేసిసార్లు నొక్కి, టార్చ్‌తో లెన్స్ చూసి, తేదీ ఒక చీటీ మీద రాసి పెట్టెలోనే ఉంచండి. సిలికా జెల్ గింజలు రంగు మారిన రోజు వేడిచేసి మళ్ళీ వేయండి.